చక్రపాణి లేకపోవడంపై పద్దెనిమిది శాతం

మాజీ భర్త తన ఇంట్లో లేకపోవడం విదేశీ దిగుమతి కిందికి వస్తుందని పైడిమర్రి హైమవతికి నలభై ఎనిమిదో ఏట తెలిసింది. అంతవరకూ ఆమె దాన్ని మామూలు విడాకులే అనుకుంది.

గుడివాడ స్టేషను రోడ్డులో ఆమెకు శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుంది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆమె చేతి మీదుగానే మొదలవుతాయి. ఆమె పెళ్ళి మాత్రం పదహారేళ్ళు నడిచి, మూడేళ్ళ కిందట కోర్టులో ముగిసింది. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. భర్త చక్రపాణి మృదంగం వాయిస్తాడు. మెత్తని మనిషి. ఎవరొచ్చి పాఠం చెప్పమన్నా కాదనడు, ఎవరినీ ఫీజు అడగడు. ముందు హాల్లో పొద్దున్నుంచీ డజను మంది శిష్యులు దరువు వేస్తుంటే, వెనక గదిలో మిషను మోతలో హైమవతి ఆర్డర్లు చూసుకునేది. రెండు మోతల మధ్య ఇద్దరూ పదహారేళ్ళు కాపురం చేశారు. ఒకరోజు కరెంటు పోయి మిషను ఆగింది. వానకి శిష్యులు రాలేదు. ఆ పూట ఇంట్లో చప్పుడన్నది లేక, ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

కోర్టులో జడ్జిగారు ఇద్దరి ఆదాయమూ అడిగారు. హైమవతి ప్రెస్సు ఉందని చెప్పింది. చక్రపాణి శిష్యులున్నారని చెప్పాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, అయితే భరణం ఆమే ఆయనకివ్వాలని తేల్చారు. నెలకి పదిహేను వేలు. హైమవతి సరేనంది. ఉన్న ఊళ్ళో ఉండి పెళ్ళాం దగ్గర భరణం పుచ్చుకోవడానికి మొహం చెల్లక, మారిషస్‌లో తెలుగువాళ్ళ సంఘం ఒకటి పిల్లలకు మృదంగం నేర్పే మనిషి కావాలంటే చక్రపాణి అక్కడికి వెళ్ళిపోయాడు. సంఘంవాళ్ళిచ్చేది తిండికి సరిపోతుంది. గది అద్దె భరణంలోంచి కడతాడు.

మూడేళ్ళపాటు ప్రతి నెలా డబ్బు సజావుగా వెళ్ళింది. నాలుగో ఏడు మొదలవుతూనే బ్యాంకులో ఆపేశారు.

"కొత్త రూలొచ్చిందండీ" అన్నాడు మేనేజరు. "విదేశానికి ఏ పైసా పంపాలన్నా, అది దేనికి పంపుతున్నారో విజయవాడ పన్నులాఫీసులో కొత్తగా పెట్టిన విభాగం ధ్రువపత్రం ఇవ్వాలి."

"దేనికేముందండీ, భరణం."

"మాకు తెలుసండీ. వాళ్ళకి తెలియాలి."

హైమవతి తన లెక్కలు చూసే ఆడిటరు గోళ్ళమూడి రాఘవులు దగ్గరికి వెళ్ళింది. రాఘవులు అరవై దాటినవాడు, ఏ సంగతి చెప్పినా ముందు "చిన్న విషయమమ్మా" అని మొదలుపెడతాడు.

"చిన్న విషయమమ్మా. ఒక్క పూట పని."

"ఈ లోపల పంపకపోతే?"

"కోర్టు మాట కాదన్నట్టవుతుంది. జైల్లో వెయ్యొచ్చు."

"పోనీ, ధ్రువపత్రం లేకుండా ఎవరి ద్వారానో పంపిస్తే?"

"అదీ నేరమే. దానికీ జైలే."

"ఎటు తిరిగీ జైలేనా?"

"జైలు ఒకటేనమ్మా, శాఖలు వేరు" అని రాఘవులు ధైర్యం చెప్పాడు.

విజయవాడలో ఆ కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. బయట బోర్డు మీద 'విదేశీ చెల్లింపుల ప్రతిఫల పరిశీలన విభాగం' అని రాసి ఉంది. లోపల పదకొండు బల్లలు, పదకొండు మంది ఉద్యోగులు, పదకొండు ఫ్యాన్లు. విభాగం పెట్టి నాలుగు నెలలైనా ఇంతవరకు ఒక్క ఫైలూ రాలేదు. హైమవతి, రాఘవులు గుమ్మంలో అడుగు పెట్టగానే పదకొండు మందీ లేచి నిలబడ్డారు. ఒకాయన ఆనందం పట్టలేక లోపలి గదిలోకి పరుగెత్తి, "సార్, ఫైలొచ్చిందండీ!" అన్నాడు.

లోపల ఉన్నాయన విభాగాధిపతి అయ్యదేవర సీతాపతి. ఆయన ఇంట్లో మంచినీళ్ళడిగినా అర్జీ చదివినట్టే అడుగుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు. హైమవతిని కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, కొత్త ఫైలు తెరిచి, దాని మీద ఒకటి అని అంకె వేశాడు.

"సదరు మొత్తాన్ని ప్రతి మాసమూ విదేశానికి పంపుతున్నారు. దానికి ప్రతిగా ఏమి స్వీకరిస్తున్నారు?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకుండా డబ్బు దేశం దాటజాలదమ్మా. బహుమతియా?"

"బహుమతి ఎందుకిస్తానండీ? కోర్టు ఇమ్మంది."

"రుణమా?"

"కాదండీ."

"మరి సరుకేమైనా దిగుమతి అవుతోందా?"

"భరణమండీ" అంటూ రాఘవులు అందుకున్నాడు. "విడాకులైన భర్తకి..."

"మా నియమావళిలో భరణమనగా భర్త భార్యకిచ్చునది. భార్య భర్తకిచ్చునది మరేదో అయివుండాలి. అదేదో కనుగొనుటకే ప్రభుత్వం ఈ విభాగాన్ని నెలకొల్పింది." సీతాపతి కలం మూత పెట్టి ఆలోచనలో పడ్డాడు. "ఆయన ప్రస్తుతం ఎక్కడుంటున్నారు?"

"మారిషస్‌లో."

"అనగా తమ ఇంట్లో ఉండటం లేదు."

"లేదండీ."

"తమరు డబ్బు పంపుతున్నారు. ఆయన తమ ఇంట్లో ఉండటం లేదు."

"అవునండీ."

"డబ్బు ఆగిపోతే ఆయన తిరిగి వచ్చే అవకాశం ఉన్నదా?"

హైమవతి ఆలోచించింది. "అద్దె కట్టలేకపోతే రాకేం చేస్తారండీ!"

సీతాపతి మొహం వికసించింది. తలుపు దగ్గర చేరి వింటున్న పదకొండు మంది మొహాలూ వికసించాయి.

"అయితే స్పష్టమే కదమ్మా. తమరు డబ్బిచ్చి, ఆయన చేత లేకపోవడం చేయించుకుంటున్నారు. ఇది విదేశం నుండి దిగుమతి అవుతున్న సేవ. దీన్ని గైర్హాజరు సేవ అంటాము."

"ఎప్పట్నుంచి అంటున్నారండీ?" అన్నాడు రాఘవులు.

"ఇప్పటినుండే" అన్నాడు సీతాపతి.

వారం తిరక్కుండా హైమవతికి రిజిస్టరు పోస్టులో తాఖీదు వచ్చింది. 'తమరికి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మారిషస్ దేశవాసి శ్రీ చక్రపాణి తమరికి నెలనెలా అందజేయుచున్న గైర్హాజరు, తమ గృహమందే వినియోగమగుచున్నందున, సదరు గైర్హాజరు యొక్క పరిమాణము, నాణ్యత నిర్ధారించు నిమిత్తము మా తనిఖీ అధికారి తమ గృహమును సందర్శించగలరు. తనిఖీ సమయమున సదరు వ్యక్తి లేకుండునట్లు చూడవలసిన బాధ్యత తమదే.'

అలవాటు కొద్దీ హైమవతి ఆ కాగితాన్ని ప్రూఫు చూసినట్టు రెండుసార్లు చదివింది. ఎక్కడా అచ్చుతప్పు లేదు. ఆమెకు భయం వేసింది.

తనిఖీకి వచ్చినావిడ పేరు ముక్తేశ్వరి. ముప్ఫయ్యేళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో టేపు. పని మీద శ్రద్ధ ఎక్కువ, అందుకే సెలవని కూడా చూడకుండా ఆదివారం పొద్దున్నే దిగింది.

"మేడమ్, ఆయన ఏ గదిలో ఎక్కువగా లేరు?"

హైమవతికి నవ్వు రాలేదు. అడిగినావిడ మొహంలో నవ్వు ఛాయలు కూడా లేవు మరి.

"హాల్లోనమ్మా. పాఠాలన్నీ అక్కడే చెప్పేవారు."

ముక్తేశ్వరి హాలు కొలిచి రాసుకుంది. "పడగ్గది?"

"అక్కడా లేరు."

అదీ కొలిచింది. "వంటిల్లు?"

"వంటింట్లోకి ఆయన ఎప్పుడూ రాలేదమ్మా. పదహారేళ్ళూ ఇంతే."

ముక్తేశ్వరి టేపు మడిచేసింది. "అయితే వంటిల్లు తీసేస్తున్నా మేడమ్. అది స్వదేశీ గైర్హాజరు. దాని మీద పన్ను లేదు. మీకు లాభం."

హైమవతి ఆమెకు ఉప్మా పెట్టింది. తింటూ ఆమె వినియోగదారు అభిప్రాయం అన్న కాగితం నింపడం మొదలుపెట్టింది. "ఆయన లేకపోవడం ఎలా ఉంది మేడమ్? చాలా బాగుంది, బాగుంది, పరవాలేదు, ఈ మూడే ఉన్నాయి."

"పరవాలేదు అని రాసుకోమ్మా" అంటుండగా హైమవతి ఫోను మోగింది.

గోడ గడియారంలో పది. హైమవతి ఫోను తియ్యలేదు. ఆగిపోయి మళ్ళీ మోగింది. ముక్తేశ్వరి మర్యాదకి, "తియ్యండి మేడమ్, ఏం పర్లేదు" అంది. తీయక తప్పలేదు. చేతి తడికి వేలు జారి స్పీకరు నొక్కుకుంది.

"హైమా, ఆలస్యమయిందా? ఇవాళ పిల్లలకి కొత్త జతి చెప్పా. విను" అంది గొంతు. వెంటనే మృదంగం మొదలైంది.

ముక్తేశ్వరి ఉప్మా ప్లేటు కింద పెట్టింది. "ఈయనేనా?"

"ఆయనే."

"ఎప్పుడూ చేస్తారా?"

అబద్ధం చెప్పడానికి హైమవతికి నోరు రాలేదు. అది మొదలై రెండేళ్ళయింది. మొదట డబ్బందిందని చెప్పడానికి ఒక ఆదివారం చేశాడు. ఆ పూట వెనకాల ఎవరో పిల్లాడు తప్పు తాళం వేస్తుంటే దిద్దుతూ వాయించి చూపించాడు, ఆమె ఫోను పెట్టేయడం మరిచిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ చేశాడు. ఫోన్ని కాగితాల కట్ట మీద పెట్టుకుని ఆమె ప్రూఫులు దిద్దుకునేది. ఒక్కోసారి ఎవరి శుభలేఖ దిద్దుతోందో చెప్పేది. వరుడి పేరు తప్పుపడితే ఇద్దరూ నవ్వుకునేవారు. ఈ సంగతి ఆమె రాఘవులుకి కూడా చెప్పలేదు. 

"ప్రతి ఆదివారం" అంది హైమవతి.

ముక్తేశ్వరి గడియారం చూసుకుని రాసుకుంది. 'వారానికి ఒకసారి, సుమారు నలభై నిమిషములు, సేవకు అంతరాయము. అంతరాయ సమయమున వినియోగదారు ముఖమునందు అసంతృప్తి కనిపించలేదు.'

ఆ నివేదికతో విభాగంలో పెద్ద కలకలం రేగింది. డబ్బు తీసుకుంటూ సేవ సరిగా అందించడం లేదంటే అది లోపభూయిష్టమైన దిగుమతి. పదకొండు మందీ కూర్చుని మూడు రోజులు చర్చించారు. చివరికి సేవాప్రదాతను విచారించాలని తీర్మానించి, వీడియోలో హాజరు కమ్మని చక్రపాణికి తాఖీదు పంపారు. లేకపోవడమే పనిగా పెట్టుకున్న మనిషిని హాజరు కమ్మనడం న్యాయమేనా అని ఒకాయన సందేహం లేవనెత్తాడు గానీ, వీడియోలో వస్తే హాజరు కింద లెక్క రాదని సీతాపతి సర్దిచెప్పాడు.

ఈ తతంగంలో మూడు నెలలు గడిచిపోయాయి.

విచారణ రోజున గోడ మీద తెర దించారు. చక్రపాణి కనిపించాడు. జుట్టు బాగా నెరిసింది. భయపడుతూ నమస్కారం పెట్టాడు. హైమవతి మనిషిని చూసి మూడేళ్ళయింది. ఫోన్లో గొంతూ మృదంగమే తప్ప మొహం లేదు. అతని వెనక గోడకానుకుని బియ్యం బస్తాలు, వాటి మీద మృదంగాలు కనిపిస్తున్నాయి.

"తమరు గైర్హాజరు సేవను సంతృప్తికరముగా అందజేయుచున్నారా?" అన్నాడు సీతాపతి.

"నాకు తెలిసినంతలో బాగానే లేనండీ" అన్నాడు చక్రపాణి. "ఇక్కడికి వచ్చాక గుడివాడలో ఒక్క రోజు కూడా లేనండీ."

"ఈ సేవయందు తమకు పూర్వానుభవం ఉన్నదా?"

చక్రపాణి తలూపాడు. "ఉందండీ. ఆ ఇంట్లో ఉన్నప్పుడు కూడా నేనున్నానో లేనో హైమకి తెలిసేది కాదు. తను ఉందో లేదో నేనూ చూసుకోలేదు. ఆ లెక్కన ఇద్దరికీ పదహారేళ్ళ అనుభవమండీ."

ఒక గుమాస్తా 'పదహారు' అని రాసుకున్నాడు. హైమవతికి ఎక్కడో చివుక్కుమంది. ఆమె కళ్ళు మాత్రం ఆ బస్తాల మీదే ఉన్నాయి.

"అదేం గదండీ? బియ్యం బస్తాలేంటి?"

"సంఘంవాళ్ళ స్టోరు గదిలే హైమా. పాత గది ఖాళీ చేసి నెలయింది."

"ఆదివారాలు ఫోన్ చేస్తూనే ఉన్నారుగా! ఒక్క మాట చెప్పలేదే?"

"నీకు చెప్తే ఏదో ఒకటి అమ్మి పంపిస్తావు. బాగానే ఉంది ఇక్కడ. బస్తాల మధ్య నాదం బయటికి పోదు, రాత్రుళ్ళు ఎవరికీ ఇబ్బంది లేదు."

సీతాపతి బల్ల మీద కొట్టాడు. "సేవాప్రదాత, వినియోగదారు పరస్పరం మాట్లాడుకొనరాదు. మా సమక్షంలోనే అంతరాయం కలిగించుచున్నారు!"

"అయ్యా" అన్నాడు చక్రపాణి చేతులు జోడించి. "నా వల్ల హైమకి ఇన్ని తిప్పలయితే నాకా డబ్బే వద్దండీ. రాసిస్తా."

"తమరు వద్దనడానికి వీల్లేదు. అది కోర్టు ఉత్తర్వు. వదులుకొనదలచినచో కోర్టుకు తమరు స్వయంగా హాజరు కావలెను. హాజరైనచో సేవ భంగమగును" అని సీతాపతి తెర ఎత్తించేశాడు.

హైమవతి ఆ వారమంతా ప్రెస్సులో సరిగా పని చెయ్యలేకపోయింది. రెండు శుభలేఖల్లో ముహూర్తం తారుమారు చేసి, మళ్ళీ అచ్చు వేయించింది.

తరువాతి గురువారం తుది ఉత్తర్వు తీసుకోవడానికి రమ్మని కబురొచ్చింది. రాఘవులుని వెంటబెట్టుకుని వెళ్ళింది. సీతాపతి చాలా ఉత్సాహంగా ఉన్నాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు.

"విభాగం తమ పట్ల ఉదారంగా వ్యవహరించదలచింది. గైర్హాజరు రెండు రకములని నిర్ణయించాము. ఒకటి పూర్ణము, రెండవది పాక్షికము. పాక్షిక గైర్హాజరుపై పద్దెనిమిది శాతం పన్ను. పూర్ణ గైర్హాజరుపై ఏమీ లేదు."

"అదేంటండీ, కొంతే లేనిదానికి పన్నూ, పూర్తిగా లేనిదానికి మాఫీనా?" అన్నాడు రాఘవులు.

"పూర్తిగా లేనిదానిపై పన్ను వేయుట హాస్యాస్పదం కదండీ. మేమూ ఆలోచించే పని చేస్తాము" అన్నాడు సీతాపతి, కొంచెం నొచ్చుకుని. తర్వాత మొదటి కాగితం హైమవతి ముందుకు జరిపాడు. "ఈ ప్రకటనపై సంతకం చేయండి. ధ్రువపత్రం ఇప్పుడే ఇచ్చేస్తాము. సాయంత్రంలోగా డబ్బు పంపుకోవచ్చు."

హైమవతి చదివింది. 'నేను సదరు చక్రపాణితో ఫోను, ఉత్తరము, సందేశము, వాద్యము మున్నగు ఏ విధముగానూ ఇకపై సంబంధము కలిగియుండనని, ఆయన నా వరకు పూర్తిగా లేనట్లేనని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.'

ఎన్నో వేల కాగితాలు దిద్దిన కళ్ళు. అక్షరం అక్షరం చూసింది. ఒక్క తప్పు కూడా దొరకలేదు. దొరికితే బాగుండునని చూసింది.

"ఆదివారం ఒక్కటీ చేసుకోవచ్చాండీ?"

"ఒక్కటి కూడా వీలుకాదు."

రాఘవులు ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "చిన్న విషయమమ్మా. పెట్టెయ్యండి సంతకం. తర్వాత మీరు మాట్లాడుకుంటే ఎవడొచ్చి చూస్తాడు?"

"ముక్తేశ్వరిగారు చూస్తారు" అన్నాడు సీతాపతి. ఆయన చెవులు చురుకు.

హైమవతి కలం తీసుకుంది. కాగితం మీద ఆనించింది కూడా. నెల పైనుంచీ మనిషి బస్తాల మధ్య పడుకుంటున్నాడు. సంతకం పెడితే సాయంత్రానికి అద్దె వెళ్తుంది. పైగా విడాకుల కాగితం మీద సంతకం పెట్టినప్పుడు చెయ్యి ఇంత బరువుగా లేదు. అప్పుడు వదులుకోవడానికి చేతిలో ఏమీ లేదు కాబోలు.

"ఆ రెండోది ఇవ్వండి" అంది.

సీతాపతి, ఆమె పొరబడిందనుకుని, "ఇదేనమ్మా మాఫీ కాగితం" అన్నాడు.

"తెలుసండీ. రెండోదే ఇవ్వండి. పద్దెనిమిది శాతం కడతాను."

గది బయట పదకొండు మందిలో గుసగుసలు మొదలయ్యాయి. విభాగానికి మొదటి రాబడి వస్తోంది. అయినా సీతాపతి మొహంలో సంతోషం కనబడలేదు. మాఫీ ఇస్తానంటే పన్ను కడతానన్న మనిషిని ఆయన ఉద్యోగంలో చేరాక చూడలేదు. కలం పక్కన పెట్టి, మొదటిసారిగా మామూలు మనిషిలా అడిగాడు.

"ఏమ్మా, ఒకటడుగుతా, ఏమీ అనుకోకండి. కోర్టుకెళ్ళి మరీ విడిపోయారు కదా. మాట్లాడుకోవడానికి పన్ను కట్టడమేంటమ్మా?"

"కలిసున్నప్పుడు పదహారేళ్ళు ఊరికే మాట్లాడుకోవచ్చు కదండీ. అప్పుడు మాట్లాడుకోలేదు" అంది హైమవతి. "ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. కట్టాల్సొస్తే కడతాను."

సీతాపతి రెండో కాగితం మీద తనే ఇంటూ గుర్తు పెట్టి, ఎక్కడ సంతకం చెయ్యాలో చూపించాడు.

కింద అంతస్తులో ఆగిన నెలలకీ, ముందస్తుగా మరో మూడు నెలలకీ పన్ను కట్టించుకుని, రసీదు ఇచ్చారు. దాని మీద 'పాక్షిక గైర్హాజరు, దిగుమతి, బకాయితో పాటు రాబోవు మూడు మాసములు' అని ఉంది. అరగంటలో ధ్రువపత్రం వచ్చింది. ఎదురుగా ఉన్న ఆమె బ్యాంకు శాఖలో చూపిస్తే, ఆగిన మూడు నెలల భరణమూ ఒక్కసారే పంపేశారు. రాఘవులు బస్సు సంగతి కనుక్కొస్తానని స్టాండు వైపు వెళ్ళాడు. హైమవతి బ్యాంకు మెట్ల మీద నీడ చూసుకుని కూర్చుని ఫోను తీసింది. ఈ మూడేళ్ళలో ఆమె అంతట ఆమె అతనికి ఫోను చేయడం అదే మొదలు.

ఒక్క రింగుకే ఎత్తాడు.

"హైమా? ఏమైంది? ఒంట్లో బాగా లేదా? ఇవాళ గురువారం కదా!"

"ఏమీ కాలేదు. డబ్బు పంపించాను, గది చూసుకోండి. పన్ను కూడా కట్టేశాను. ఇక గురువారాలు కూడా మాట్లాడుకోవచ్చు."

అవతల మృదంగం మీద వేళ్ళు రెండుసార్లు తట్టి ఆగాయి. ఫోను కట్టయిందేమోనని ఆమె తెర చూసుకుంది. కాలేదు.

"ఏం మాట్లాడాలో తోచట్లేదు హైమా" అన్నాడు చక్రపాణి చివరికి.

"తొందరేం లేదండీ" అంది ఆమె, మెట్టు మీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంటూ. "మూడు నెలలకి కట్టాను."